పది ఆంపియర్ల ఫ్యూజు

కాలిపోయిన ఆంప్లిఫయరును సోమవారం పొద్దున్న తోపుడుబండి మీద తెచ్చారు. పైన గోనెపట్టా కప్పి ఉంది. బండి వెనకాల సమావేశ మందిరం కార్యదర్శి గొడుగు చంకలో పెట్టుకుని నడిచాడు. ఆయనకు నాలుగడుగుల వెనక, మందిరంలో మైకు చూసే మైకన్న వచ్చాడు. మైకన్న కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. దాన్ని ఎడమచేత్తో, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు, గుండెకు ఆనించి పట్టుకున్నాడు.

చుట్టలక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇరవై ఏళ్లు ఒక కార్ఖానాలో ట్రాన్స్‌ఫార్మర్లకు రాగితీగ చుట్టలు చుట్టినందుకు ఆ పేరొచ్చింది. సంగతి తెలియని కొత్తవాళ్లు ఆవిడ వేళ్లవైపు, పెదాలవైపు చూసి, పొగాకు వాసన తగులుతుందేమోనని ముక్కు ఎగబీల్చేవారు. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. ఇప్పుడు ఇంటి ముందుగదిలోనే ఆంప్లిఫయర్లు తయారుచేస్తోంది. ఊళ్లో పదిహేను చోట్ల ఆవిడ పెట్టెలున్నాయి. మైకు ముందు ఎవరూ మాట్లాడనంతసేపూ ఆ పెట్టె గదిలో ఉన్నట్టే తెలియదని వాటికి పేరు.

"లోపల దింపించండి," అందామె.

బండివాడు పెట్టెను బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. కార్యదర్శి కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు. మైకన్న గోడవారగా నిలబడ్డాడు.

"శుక్రవారం మధ్యాహ్నం పిల్లలకి వక్తృత్వపోటీ పెట్టాం," అన్నాడు కార్యదర్శి. "మూడో పిల్ల మాట్లాడుతుంటే పొగొచ్చింది. పక్కతెర అంటుకుంది. స్టేజీ చెక్కలు రెండు బారల మేర కాలాయి. పిల్లలకేమీ కాలేదు, అదృష్టం."

"మైకన్నయ్యకి అయిందిగా."

"అక్కడికే వస్తున్నా. పెట్టెని ఒట్టిచేత్తో లాగి అవతల పారేశాడు. ధైర్యమే, కాదనను. కానీ అసలు కాలడానికి కారణం ఎవరు? ఇతను ఫ్యూజు మార్చాడు. పోయిన నెల ఫ్యూజులు కొనుక్కొస్తుంటే మా గుమస్తా కళ్లారా చూశాడు."

"అవి గోడమీది బోర్డుకి," అన్నాడు మైకన్న. "పెట్టెలోది నేను ముట్టుకోలేదు చెల్లెమ్మా. విప్పి చూడు, నీకే తెలుస్తుంది."

గొంతులో బతిమాలడం లేదు, కోపమూ లేదు. సామాను అప్పజెప్పేవాడిలా చెప్పి ఊరుకున్నాడు.

"ఆదివారం పొద్దున్న కమిటీ కూర్చుంటుంది," అన్నాడు కార్యదర్శి. "నువ్వు చూసి, కారణం ఇదీ అని ఒక కాగితం రాసివ్వు. ఇరవై రెండేళ్లుగా ఉన్న మనిషిని నోటిమాట మీద పంపేశారని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా."

"పంపేస్తున్నారా?"

"ఇంకేం చెయ్యమంటావు? వెనకగది కూడా ఖాళీ చెయ్యమన్నాం."

మందిరం వెనకున్న ఆ గదిలో మైకన్నా, ఆయన భార్యా ఉంటున్నారు. పెళ్లయిన ఏడాది నుంచీ వాళ్ల కాపురం అక్కడే. చుట్టలక్క మైకన్నవైపు చూసింది. ఆయన కట్టుమీద వాలిన ఈగను ఊదుతున్నాడు.

వాళ్లు వెళ్లాక ఆమె కొంగు బిగించి పెట్టె ముందు కూర్చుంది. మూతకున్న ఎనిమిది మరల్లో అయిదు తేలిగ్గానే వచ్చాయి. మూడు మసిపట్టి బిగుసుకుపోయాయి. వాటి తలల్లో చుక్క చొప్పున కిరసనాయిలు వేసి, తాగేసిన టీ గ్లాసు కడిగి వచ్చి, మళ్లీ తిప్పింది. మూత లేవగానే మాడిన వార్నిషు వాసన గదంతా కమ్మింది.

"ఎవరింట్లోనే, ఏదో మాడుతోంది?" లోపలి మంచం మీంచి అత్తగారు అడిగింది. ఆవిడకు కళ్లు దాదాపు పోయాయి. ముక్కూ, చెవులూ మాత్రం ఆ లోటును వడ్డీతో సహా పూడ్చాయి.

"మనింట్లోనే అత్తయ్యా. మన పెట్టే. ఎప్పుడో మాడింది."

ట్రాన్స్‌ఫార్మరు మీద చుట్టిన పసుపు టేపు బొగ్గయిపోయింది. చుట్టలక్క మీటరు కొనలు పట్టుకుని ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది. కండెన్సర్లు బాగున్నాయి. కరెంటును ఒకే దిక్కుకు మళ్లించే బ్రిడ్జిలో ఒక పాయ పూర్తిగా షార్టయిపోయింది. దాంతో ట్రాన్స్‌ఫార్మరు మోయలేని బరువు మోసి, వేడెక్కి, కాలింది. బ్రిడ్జి పోవడం ఎవరి తప్పూ కాదు. ఏ వస్తువైనా ఏదో ఒకరోజు పోతుంది. అలా పోయినరోజు తాను ముందు తెగిపోయి మిగతావాటిని కాపాడటానికే ఫ్యూజు ఉండేది.

ఆమె పెట్టె వెనకవైపు తిప్పి ఫ్యూజు మూత విప్పింది. గాజుగొట్టం చెక్కు చెదరకుండా బయటికి వచ్చింది. లోపలి తీగ నిక్షేపంగా ఉంది. పెట్టె కాలి, తెర కాలి, మనిషి చెయ్యి కాలినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు. కళ్లద్దాలు నుదుటిమీంచి దించుకుని, లోహపు టోపీ మీద అచ్చు కొట్టిన అంకె చదివింది. పది. అక్కడ ఉండాల్సింది రెండు ఆంపియర్లది.

"ఎంత పని చేశావయ్యా," అంది పైకే. మైకన్న మీద ఒళ్లు మండింది. రెండేళ్లనాడు తనే ఆయన్ని కూర్చోబెట్టి, ఫ్యూజు ఎగిరితే అంతకన్నా లావుది పెట్టకూడదని, అది కాపలాదారుకి మత్తుమందు పెట్టడమేనని పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. తలూపి, చివరికి ఇదా చేసింది? పైగా ముట్టుకోలేదట.

గుడ్డ తీసుకుని రెండో టోపీ మీది మసి తుడిచింది. మసి కింద ఎర్రటి చుక్క కనిపించింది.

చుట్టలక్క గుడ్డ కింద పెట్టింది. గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. గోళ్లరంగు. తను చేతులారా బిగించిన ప్రతి ఫ్యూజు మీదా, ప్రతి మర మీదా గుర్తుకోసం పెట్టే చుక్క. బజార్లో ఇంకెవరూ అలా పెట్టరు.

గుర్తు తెచ్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండు నెలల కిందటి బుధవారం. మందిరంలో ఆ పెట్టె సన్నగా మూలుగుతోందని బాగుచెయ్యడానికి తెచ్చారు. దాన్ని అత్తగారి మంచం పక్కన పెట్టి, "ఉందా అత్తయ్యా?" అని అడుగుతూ ఒక్కో కండెన్సరూ చేర్చుకుంటూ పోయింది. మీటరుకు దొరకని మూలుగు కూడా అత్తగారి చెవికి దొరుకుతుంది. "ఉందే, తుమ్మెద ఇంకా ఉంది," అనేది ముసలావిడ. "దూరం పోయింది... గోడవతల ఉంది... ఆఁ, పోయిందే." అలా తుమ్మెద పోయేసరికి కండెన్సర్లు రెట్టింపయ్యాయి. బిందె పెద్దదయ్యేకొద్దీ నిండటానికి నీళ్లు ఎక్కువ కావాలి. స్విచ్చి వెయ్యగానే అవి తాగే మొదటి గుక్కకు రెండు ఆంపియర్ల ఫ్యూజు టప్పున ఎగిరిపోయింది. ఒకటి కాదు, వరసగా మూడు. మొదటి గుక్కను ఓర్చుకుని, తర్వాత గట్టిగా కాపలా కాసే స్లో ఫ్యూజు కావాలి. కొట్టువాడు వచ్చేవారం తెప్పిస్తానన్నాడు. మందిరంవాళ్లకు ఆ సాయంత్రమే సభ ఉంది. సొరుగులో పదిది కనిపించింది. ఈ పూటకి కానీ, వారంలో మార్చేద్దాం అనుకుని బిగించింది. అలవాటుగా చుక్క కూడా పెట్టింది.

ఆ వారం గడిచింది. ఇంకా ఏడు వారాలు గడిచాయి. పెట్టె ఒక్కసారి కూడా మూలగలేదు, ఎవరూ వచ్చి అడగలేదు. దాంతో ఆమె మరిచిపోయింది.

"ఏమైందే, పలకవు?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. చూస్తున్నా."

మంగళవారం భర్త పొద్దుటి షిఫ్టుకు మిల్లుకు వెళ్లాక ఆమె మళ్లీ బల్ల ముందు కూర్చుంది. రాత్రి కడుపునిండా తిన్నది, నిద్ర కూడా పోయింది. అదే ఆమెకు వింతగా ఉంది. సొరుగులోంచి గోళ్లరంగు తుడిచే సీసా తీసింది. దూది చిన్న ముక్క తుంచి, తడిపి, ఫ్యూజు టోపీ మీద రెండుసార్లు రుద్దింది. ఎరుపు దూదికి దిగింది. టోపీ తెల్లగా మెరిసింది. దూదిని పొయ్యి పక్క బుట్టలో వేసి, మళ్లీ తీసి, కాగితంలో చుట్టి, వీధి కుండీలో వేసి వచ్చింది. ఇరుగింటామె పలకరిస్తే నవ్వింది కూడా.

తర్వాత తెల్లకాగితం తీసుకుని ఉత్తరం రాసింది. మూడుసార్లు కొట్టివేసి, నాలుగోసారి సాపు చేసింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన భర్త అన్నం తింటూ ఆ కాగితాన్ని గ్లాసుకు ఆనించి పెట్టుకుని, పైకి చదివాడు. "ఆంప్లిఫయరులోని బ్రిడ్జి చెడిపోయినది. రెండు ఆంపియర్ల ఫ్యూజు ఉండవలసిన చోట పది ఆంపియర్ల ఫ్యూజు అమర్చబడి ఉన్నది. అందువలన ఫ్యూజు తెగక, ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కి కాలినది." కాగితం పక్కన పెట్టాడు. "బాగుంది. ఒక్క ముక్క అబద్ధం లేదు."

"లేదు," అందామె.

"నీ మీదకి రాదు. అతని పేరూ ఎత్తలేదు. ఇంకేం కావాలి?"

ఏం జరిగిందో ఆమె అతనికి చెప్పలేదు. చెప్పకుండానే అతనికి ఎంతో కొంత తెలిసినట్టుంది. అడగలేదు.

లోపలి నుంచి అత్తగారు నవ్వింది. "అమర్చబడి ఉన్నదా? దానంతటదే మెట్లెక్కి వచ్చి కూర్చుందేమిటే?"

"ఉత్తరాల్లో అలాగే రాస్తారమ్మా," అన్నాడు కొడుకు.

"రాస్తారు, రాస్తారు. పోలీసువాళ్లూ అలాగే రాస్తారు. కొట్టబడినాడు అని. కొట్టినవాడు మాత్రం ఎక్కడా కనపడడు."

చుట్టలక్క మజ్జిగ గిన్నె అతని ముందుకు జరిపింది. 

బుధవారం పదింటికి ఆమె కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుని మందిరానికి వెళ్లింది. ఆఫీసు గదికి పెరటి దారినే పోవాలి. వెనకగది ముందు మైకన్న భార్య చాప పరిచి సామాను సర్దుతోంది. ఇత్తడి గిన్నెల్ని పాత చీరలో ఒకదాని మధ్య ఒకటి పెట్టి చుడుతోంది. గోడకున్న అద్దం తీసేసింది. అది ఉన్నచోట సున్నం కొత్తగా ఉంది. చుట్టలక్కను చూసి తల మాత్రం ఊపింది.

మైకన్న మెట్టుమీద కూర్చుని ఎడమచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. గుండీ కన్నం దాకా వచ్చి జారిపోతోంది. చుట్టలక్క వంగి పెట్టబోయింది.

"వద్దులే చెల్లెమ్మా. అలవాటు చేసుకోవాలి." గుండీ వదిలేసి తలెత్తాడు. "విప్పావా?"

"విప్పాను."

"చూశావా?"

"చూశాను."

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. ఇంకేదో వస్తుందని ఆగినట్టున్నాడు. రాలేదు. "సరే," అని మళ్లీ గుండీ పట్టుకున్నాడు.

ఆమె ఆఫీసు గదిలోకి వెళ్లి ఉత్తరం ఇచ్చింది. కార్యదర్శి నిలబడే రెండుసార్లు చదివాడు. ఆయన ముఖం విప్పారింది.

"ఇంతకన్నా ఏం కావాలి? లక్షణంగా రాశావు."

"ఎవరు పెట్టారో నేను రాయలేదండీ."

"ఎందుకు రాస్తావు, నీకేం పని? ఆ పేరు మేం చేర్చుకుంటాం." కాగితానికి రెండు కన్నాలు పొడిచి ఫైల్లో తగిలించాడు.

తిరిగి పోయేటప్పుడు ఆమె పెరటి దారిన పోలేదు. స్టేజీ పక్కనుంచి, కాలిన చెక్కల మీదుగా ముందు గుమ్మం వైపు నడిచింది. ఊడ్చేవాళ్లు లేక హాల్లో కాగితం ముక్కలు శుక్రవారంనాటివి అలాగే పడి ఉన్నాయి. ఒకదాని మీద పిల్లరాతలో "అధ్యక్షులకు, పెద్దలకు" అని ఉంది. మిగతాది చిరిగిపోయింది.

గురువారం పొద్దున్న కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడ్డప్పుడు, నీళ్లు నిండే చప్పుడు వింటూ, ఆమెకు రెండో పెట్టె గుర్తొచ్చింది. ఆ బుధవారం బల్లమీద పెట్టెలు రెండున్నాయి. కవలపిల్లల్లాంటివి. ఒకే కొలత ట్రాన్స్‌ఫార్మర్లు, ఒకేలాంటి కండెన్సర్లు. రెండింటికీ మూలుగు తీసింది. రెండింటికీ ఫ్యూజులు ఎగిరాయి. రెండింట్లోనూ పదివే పెట్టింది. రెండోది డాన్సు స్కూలుది.

మూడు రోజులుగా తన చుక్క గురించే తప్ప ఆ పెట్టె గురించి ఒక్కసారైనా ఆలోచించలేదు. బిందె నిండి పొర్లింది. వెనకున్నామె గదమాయించినా వినిపించుకోకుండా చుట్టలక్క చెప్పుల్లో కాళ్లు దూర్చి బజారుకు నడిచింది.

"స్లో ఫ్యూజులు, రెండు ఆంపియర్లవి," అంది కొట్టువాడితో.

అతను వెనక్కి తిరక్కుండానే డబ్బాలోంచి తీసి బల్లమీద పెట్టాడు.

"ఎప్పుడొచ్చాయివి?"

"రెండు నెలలైంది. మీరడిగిన తర్వాతి వారమే తెప్పించా. మళ్లీ అడక్కపోతే, ఇక పని పడలేదేమో అనుకున్నా."

డాన్సు స్కూలు ఒక మేడమీద ఉంది. మెట్ల అడుగు నుంచే ఇరవై జతల కాళ్లు నేలమీద పడే చప్పుడు వినిపిస్తోంది. పైన ఒకటే గది, ఒకటే గుమ్మం. కిటికీలకు అడ్డకమ్ములు. మూల అలమరలో ఆమె పెట్టె. దానికి ఆనుకుని ఈ పక్కా ఆ పక్కా పిల్లలు వేసుకునే పలచటి బట్టల మూటలు. చుట్టలక్క గుమ్మంలో ఆగి ఊపిరి తీసుకుంది. పాట మధ్యలో ఉంది. పెట్టె చక్కగా పాడుతోంది.

డాన్సు టీచరమ్మ చెయ్యెత్తి పిల్లల్ని ఆపి ఎదురొచ్చింది. "ఏంటండీ, పొద్దున్నే ఇలా వచ్చారు?"

"ఆ పెట్టె ఒకసారి ఆపండి. ఫ్యూజు మార్చాలి."

"మళ్లీనా? శనివారం మార్చి వెళ్లారుగా."

"ఎవరు?"

"మందిరం మైకన్నగారు. మీరే పంపారని చెప్పారే. పాపం, చేతికి అంత కట్టుతో మెట్లెక్కి వచ్చారు. ఎడమచేత్తో మూత తిరగక అవస్థ పడుతుంటే నేనే తిప్పిచ్చాను." టీచరమ్మ సొరుగు లాగింది. "పాతది మీకివ్వమన్నారు. మీరే వచ్చి తీసుకెళ్తారన్నారు. ఇదిగో."

తలపిన్నుల డబ్బాలో, పిన్నుల మధ్య, గాజుగొట్టం ఉంది. ఒక టోపీ మీద పది అంకె. రెండోదాని మీద ఎర్రచుక్క.

చుట్టలక్క దాన్ని పిడికిట్లో పట్టుకుని అలమర దగ్గరికి వెళ్లి పెట్టె వెనక మూత విప్పి చూసింది. లోపల రెండు ఆంపియర్ల స్లో ఫ్యూజు, కొత్తది, సరిగ్గా కూర్చుని ఉంది. మూత బిగించింది. పిల్లలు చెమటలు తుడుచుకుంటూ ఆమెనే చూస్తున్నారు.

మెట్లు దిగుతూ సగంలో కూర్చుండిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం చెయ్యి కాలింది. శనివారం ఆయన ఇక్కడికొచ్చాడు. అంటే అంతకుముందే, భార్య చేత మూత తిప్పించో ఏమో, ఆయన కాలిన పెట్టెలోని ఫ్యూజు తీసి చూశాడు. అంకె చూశాడు, చుక్క చూశాడు. ఆ బుధవారం పెట్టెను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు, దాని కవలను కూడా బల్లమీద చూశాడు. ఫ్యూజును ఉన్నచోటే మళ్లీ బిగించి, ఆమె దగ్గరికి తీసుకొచ్చి, విప్పి చూడమన్నాడు. పైన మళ్లీ పాట మొదలైంది. మెట్లు అదురుతున్నాయి.

ఆమె ఇంటికి పోకుండా నేరుగా మందిరం పెరట్లోకి వెళ్లింది. మైకన్న వేపపుల్ల నమిలి ఊస్తూ కుళాయి దగ్గర ఉన్నాడు. ఆమె పిడికిలి విప్పి చూపించింది.

"అందిందన్నమాట," అన్నాడు.

"సోమవారమే నా ముఖాన ఎందుకు అనలేదన్నయ్యా? కార్యదర్శిగారి ముందే అనాల్సింది."

"అంటే ఏమవుతుంది? ఉద్యోగం పోతోందని ఆడమనిషి మీదకి నెడుతున్నాడంటారు. పెట్టిన చెయ్యి చెబితే నమ్ముతారు కానీ, కాలిన చెయ్యి చెబితే ఎవరు నమ్ముతారు?" నీళ్లు పుక్కిలించి ఊశాడు. "చుక్క ఉందిగా, చూస్తే నువ్వే చెబుతావనుకున్నా."

"చుక్క తుడిచేశాను."

మైకన్న కుళాయి కట్టేశాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆయన ముఖం మారింది.

"తుడిచావా?"

"మంగళవారం. నిన్న ఉత్తరం కూడా ఇచ్చేశాను."

"ఉత్తరం సంగతి విన్నాను. భయపడి ఉంటావులే అనుకున్నా. తుడిచావని అనుకోలేదు." తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. అదీ ఎడమచేత్తో, వంకరగా. "నేనూ దేవుణ్ణేం కాదు చెల్లెమ్మా. ఆదివారం దాకా చూసి, నువ్వు నోరు విప్పకపోతే ఆ టీచరమ్మని ఆ డబ్బాతో సహా రమ్మని చెబుదామనే ఉన్నా. మా ఆవిడ అయితే మొదటిరోజే అరిచి చెప్పమంది."

"నామీద కోపం లేదా?"

"ఎందుకుండదు? ఈ చెయ్యి మానేదాకా ఉంటుంది. ఆ తర్వాత సంగతి తెలీదు."

ఆయన గదిలోకి వెళ్లిపోయాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆమె మూట మీంచి చెయ్యి తీయలేదు.

ఆ సాయంత్రం చుట్టలక్క భర్తకు చెప్పింది. అతను గోడ గడియారానికి కీ ఇస్తూ విన్నాడు. "ఇచ్చిన ఉత్తరం ఇచ్చావు. ఇప్పుడు పోయి కాదంటే రెండు విధాలా చెడతావు. ఇంక నీ పెట్టె ఎవరు ముట్టుకుంటారు?"

"ముట్టుకోరేమో."

"వాడు నోరెత్తనంటే నువ్వెందుకు..."

"ఎత్తనన్లేదు," అందామె. "ఎత్తినా ఎత్తకపోయినా ఆదివారం నేను వెళ్తున్నాను."

లోపల అత్తగారు మంచం మీద ఇటు నుంచి అటు తిరిగింది. 

ఆదివారం కమిటీలో ఏడుగురు కూర్చున్నారు. కిటికీలు తెరిచినా హాల్లో మసివాసన పోలేదు. మైకన్న చివరి బెంచీ మీద, భార్య గుమ్మం బయట. కార్యదర్శి ఉత్తరం పైకి చదివి, "అమర్చబడి ఉన్నది" దగ్గర ఒక్క క్షణం ఆగి, మైకన్నవైపు కళ్లతో చూపించి, మిగతాది చదివాడు. అప్పుడు చుట్టలక్క లేచి నిలబడింది. సంచిలోంచి రెండు గాజుగొట్టాలు తీసి బల్లమీద పక్కపక్కన పెట్టింది.

"ఆ ఉత్తరంలో ఎవరు పెట్టారో రాయలేదండీ. పెట్టింది నేను."

కార్యదర్శి కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఏమంటున్నావమ్మా?"

ఆమె ఆ బుధవారం దగ్గర్నుంచీ చెప్పింది. మూలుగు తీయడానికి కండెన్సర్లు పెంచడం, మూడు ఫ్యూజులు ఎగరడం, సొరుగులో పదిది దొరకడం, రెండు నెలలు మరిచిపోవడం. నీళ్ల బిందె పోలిక కూడా చెప్పింది. ఇద్దరు తలాడించారు. రెండో పెట్టె గురించీ, శనివారం మైకన్న మెట్లెక్కడం గురించీ చెప్పింది. 

కమిటీలో పెద్దాయన ఒకరు రెండు గొట్టాల్నీ ఎత్తి చూశాడు. "ఒకదానికి ఎర్రచుక్క ఉంది. రెండోదానికి లేదే?"

"ఉండేదండీ," అందామె. "నేనే తుడిచేశాను. నాదని తెలియకూడదని."

హాల్లో ఎవరో కుర్చీ కదిపారు. పెద్దాయన గొట్టాల్ని మెల్లగా కిందపెట్టి, వేళ్లు చొక్కాకు తుడుచుకున్నాడు. ఆమె ఆ వేళ్లనే చూసింది. ఫ్యూజు సంగతి విన్నప్పుడు ఆ ముఖాల్లో కనిపించింది జాలి. ఇప్పుడు కనిపిస్తున్నది అది కాదు.

"ఫైల్లో ఉన్న ఉత్తరం మరి?" అన్నాడు కార్యదర్శి. ఆయనకది మింగుడుపడలేదు. "ముద్ర కూడా వేశాం."

"ఇంకోటి రాసి తెచ్చాను, చూడండి. ఇందులో పేరుంది."

అరగంట మాట్లాడుకున్నాక మైకన్నను ఉద్యోగంలో ఉంచుతున్నామన్నారు. క్షమాపణ ఎవరూ చెప్పలేదు. కార్యదర్శి మాత్రం, "అయినా గుమస్తా చూశానన్నాడు మరి," అని రెండుసార్లు తనలో తను అనుకున్నాడు. మందిరానికి ఇకపై కంపెనీ ఆంప్లిఫయరే కొనాలని, ఇంట్లో చేసినవి వద్దని తీర్మానం రాసుకున్నారు. చుట్టలక్క దానికి తలూపింది. బయటికొచ్చేసరికి మైకన్న భార్య మూట విప్పి గిన్నెలు ఒక్కొక్కటే లోపలికి చేరవేస్తోంది. పెద్ద గిన్నె ఒకటి ఆమె చేతికి అందక దొర్లితే, చుట్టలక్క పట్టి అందించింది. ఆమె తీసుకుంది. "కూర్చో" అనలేదు.

సోమవారం నుంచి చుట్టలక్క మిగిలిన పదమూడు పెట్టెలకూ బయల్దేరింది. వాటిలో ఏదీ ఆ వారం చేసింది కాదు, పదిది దేంట్లోనూ ఉండకూడదు. ఉండకూడదని అనుకోవడం వేరు, విప్పి చూడటం వేరు. మీటరూ, మరతిప్పీ, స్లో ఫ్యూజుల పొట్లం సంచిలో వేసుకుంది. మొదటిచోట "ఊరికే చూసిపోదామని వచ్చాను" అంది. విప్పింది, బాగుంది, మూసేసింది. మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగొచ్చి, ఎందుకు వచ్చిందో ఆ ఇంటాయనకు చెప్పింది. ఆయన అంతా విని పెట్టెను తీసుకెళ్లిపొమ్మన్నాడు. ఆమె నెత్తిన పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చింది. రెండోచోట, మూడోచోట ముందే చెప్పింది. ఒకరు నవ్వారు. ఒకరు మొగుణ్ణి అడిగి చెబుతామని గుమ్మంలోనే నిలబెట్టారు.

ఏడోది క్షవరశాల. మంగలి ఒకాయనకు గడ్డం గీస్తున్నాడు. అద్దంపైన అరలో పెట్టె పాతపాట ఏదో వినిపిస్తోంది. చుట్టలక్క గుమ్మంలోంచే చెప్పింది. మందిరంలో కాలిన పెట్టె సంగతి, ఫ్యూజు సంగతి, తుడిచిన సంగతి. ఈసారికి మాట తడబడటం మానేసింది.

మంగలి కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "బాగానే పాడుతోందిగా మరి?"

"అది కూడా బాగానే పాడింది."

"ఇలా ప్రతి గుమ్మానికీ పోయి చెబుతున్నావా?"

"చెబుతున్నాను."

 అతను కత్తి పళ్లెంలో పెట్టి, చేతులు కడుక్కుని, ప్లగ్గు పీకి, పెట్టెను జాగ్రత్తగా దించాడు. పెట్టడానికి బల్లమీద చోటు లేదు. కుర్చీలో ఉన్నాయన, ఒక దవడ నున్నగా, ఒక దవడ నురగతో, తనంతట తనే లేచాడు.

"ఇక్కడ పెట్టు, వెలుతురు బాగా పడుతుంది," అన్నాడు మెడకు చుట్టిన గుడ్డతోనే పక్కకు జరుగుతూ. "ముందు దాని సంగతి చూడమ్మా. సగం గడ్డంతో నేనెక్కడికి పోతాను?"